పిల్లలకి భయం వద్దన్న చలం

గోదావరిఖని క్వార్టర్లలో పొద్దున తొమ్మిదింటికి ఒక రకం నిశ్శబ్దం ఉంటుంది. నైట్ షిఫ్ట్ దిగి ఇంటికొచ్చిన మనిషి స్నానం చేసి, ఇంత తిని, కిటికీకి దుప్పటి అడ్డం కట్టుకుని పడుకుంటాడు. ఉన్నవి రెండు గదులు. ఒక దాంట్లో ఆయన నిద్ర, రెండో దాంట్లో రెండేళ్ల పిల్లాడు. వాడికి షిఫ్టులు తెలియవు. గరిటె పట్టుకుని గిన్నె మీద వాయిస్తాడు. తల్లి పొయ్యి దగ్గర్నించి పరిగెత్తుకొచ్చి నోరు మూస్తుంది. బూచోడొస్తున్నాడని భయపెడుతుంది. అప్పటికీ వినకపోతే వీపు మీద ఒకటి పడుతుంది. ఏడుపు మొదలవుతుంది. లోపల్నించి కేక వినిపిస్తుంది. ఈ మధ్య బూచోడి ఉద్యోగం సెల్‌ఫోన్‌కి వచ్చింది గానీ, కథ మాత్రం అదే.

ఆ తల్లిని తప్పుపడదామని కాదు ఈ మాట. అర్ధరాత్రి దాకా పని ఆమెకీ ఉంది, తెల్లారుజామునే లేవడమూ ఉంది. బాయి నుంచి మనిషి క్షేమంగా తిరిగొచ్చేదాకా గుండె దడ కూడా ఆమెదే. అయితే ఈ గిన్నె, గరిటె, బూచోడి వ్యవహారం గురించే మన తెలుగులో ఒకాయన ఏకంగా పుస్తకం రాసి పెట్టారు. దాని పేరు బిడ్డల శిక్షణ. రాసింది చలం.

పేరు వినగానే కొంతమంది అమ్మలు మొహం చిట్లిస్తారు. మైదానం రాసినాయనా మాకు పిల్లల్ని పెంచడం నేర్పేది అనుకుంటారు. అలా అనుకోవడంలో వింతేమీ లేదు. ఆ నవల వచ్చిన 1927 నుంచీ ఆయన్ని తిట్టేవాళ్లకీ తక్కువ లేదు, తలకెత్తుకునేవాళ్లకీ తక్కువ లేదు. ఆ గొడవలో పడి, పసిపిల్లల పక్షాన నిలబడిన చలాన్ని చాలామంది చూడలేదు.

గుడిపాటి వెంకటచలం 1894 మే 18న మద్రాసులో పుట్టారు. కన్నతండ్రి కొమ్మూరి సాంబశివరావు, తల్లి వెంకటసుబ్బమ్మ. తల్లి తండ్రి అయిన గుడిపాటి వెంకట్రామయ్య గారు మనవణ్ణి దత్తత చేసుకోవడంతో ఇంటి పేరు మారింది. చదువు తెనాలిలో సాగింది. చిన్నప్పుడు మహా నిష్ఠాపరుడు. సంధ్యావందనాలు, మడీ ఆచారం అన్నీ తు.చ. తప్పకుండా పాటించేవారట. తర్వాతి చలాన్ని ఎరిగినవాళ్లకి ఇది నమ్మశక్యం కాదు.

ఆ ఇంట్లో ఆయన చూసినది ఇంకొకటి ఉంది. తల్లిని తండ్రి పెట్టే బాధలు. దీని గురించి ఆయన పెద్దయ్యాక దాచుకోకుండా రాశారు. ఆడదాని కష్టం మీద ఆయన జన్మంతా రాసిన రాతలకి మూలం అక్కడే ఉందని చదివినవాళ్లు అంటారు. నాకైతే బిడ్డల శిక్షణకి మూలం కూడా అక్కడే ఉందనిపిస్తుంది. గొడవ పెద్దవాళ్ల మధ్యే అనుకుంటాం. చంటిపిల్లకి ఏం తెలుస్తుందిలే అనుకుంటాం. మాటలు రాని బిడ్డకి మాట అర్థం కాకపోవచ్చు గానీ గొంతు అర్థమవుతుంది. కేకలు వినపడితే పాలు తాగడం ఆపి బిగుసుకుపోయే బిడ్డని చూడని తల్లి ఎవరు? జీతం రోజు సాయంత్రం కొన్ని ఇళ్లలో ఏం జరుగుతుందో మన బొగ్గు ఊళ్లలో వాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ మూలన నక్కి నిలబడిన పిల్ల ఏం నేర్చుకుంటోందో ఆలోచించడానికే మనసొప్పదు.

1911లో చలం కాకినాడ వెళ్లి పిఠాపురం రాజా వారి కళాశాలలో చేరారు. అక్కడ ప్రిన్సిపాలు రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు. ఆయన ప్రభావంతో బ్రహ్మసమాజం వైపు మొగ్గారు. కులం, ఆచారం, ఆడపిల్ల చదువు, అన్నిటి మీదా ప్రశ్నలు మొదలయ్యాయి. అప్పటికే చిట్టి రంగనాయకమ్మ గారితో పెళ్లయింది. పై చదువుకి మద్రాసు వెళ్లినప్పుడు భార్యని కూడా బడిలో చేర్పించారు. సైకిలు మీద ఎక్కించుకుని రోజూ దిగబెట్టేవారు. భార్యని సైకిలెక్కించుకుని బడికి తీసుకెళ్లే మొగుణ్ణి ఆ కాలంలో ఊరు ఎలా చూసి ఉంటుందో ఊహించుకోండి. మామగారికి కోపం వచ్చింది. అయినా చలం మానలేదు.

బీయే అయ్యాక పంతులు ఉద్యోగం. హోస్పేటలో కొన్నాళ్లు, రాజమండ్రిలో కొన్నాళ్లు, ఉపాధ్యాయులకి శిక్షణ ఇచ్చే చోట పనిచేశారు. తర్వాత స్కూళ్ల ఇన్‌స్పెక్టరు. ఊరూరా తిరిగి బళ్లు తనిఖీ చేయడం ఆ ఉద్యోగం. అప్పటి బళ్లు ఎలా ఉండేవో మన తాతమ్మలు చెప్పగా విన్నవాళ్లు ఇంకా ఉన్నారు. గోడకుర్చీ, తొడపాశం, కోదండం, గుంజీలు. చదువంటే బెత్తం, బెత్తమంటే చదువు. ఇన్‌స్పెక్టరు వస్తున్నాడంటే పంతులు వణుకుతాడు. ఆ వణుకంతా తిరిగి పిల్లల వీపుల మీదే దిగుతుంది. అలాంటి బళ్లని ఏళ్ల తరబడి చూసిన మనిషి పిల్లల గురించి రాయడానికి కూర్చున్నాడంటే గాలిలోంచి మాట్లాడినట్టు కాదు గదా.

బిడ్డల శిక్షణ అన్న పేరు చూసి పిల్లల్ని దారిలో పెట్టే చిట్కాలు ఉంటాయనుకుంటే పొరపాటు. నిజానికి శిక్షణ కావలసింది తల్లిదండ్రులకి అన్నట్టు ఉంటుంది ఆ పుస్తకం. బిడ్డ మన సొత్తు కాదు, మన ఆశలు తీర్చడానికి పుట్టిన పనిముట్టు కాదు అనే దగ్గర ఆయన మొదలవుతారు. కొట్టకూడదు. భయపెట్టకూడదు. దయ్యం పేరూ వద్దు, దేవుడు కళ్లు పోగొడతాడనీ వద్దు. పిల్లలకి అబద్ధం చెప్పకూడదు. వాళ్లు అడిగిన దానికి విసుక్కోకుండా నిజం చెప్పాలి. తమ్ముడు ఎక్కణ్ణించి వచ్చాడని అడిగితే ఆస్పత్రిలో కొనుక్కొచ్చామనో, గుళ్లో దొరికాడనో చెప్పి తప్పుకోవద్దన్నారు. ఇదంతా ఇప్పుడు మామూలుగా అనిపించవచ్చు. ఆ రోజుల్లో పెద్దవాళ్ల ముందు పిల్లలు నోరెత్తడమే తప్పు.

ఆ కాలంలో లోకం ఎటు పోతోందో కూడా చూడాలి. అమెరికాలో జాన్ వాట్సన్ అనే పేరుమోసిన మనస్తత్వ శాస్త్రవేత్త 1928లో తల్లుల కోసం ఒక పుస్తకం రాశాడు. పిల్లల్ని ముద్దుపెట్టుకోవద్దు, ఒళ్లో కూర్చోబెట్టుకోవద్దు, పొద్దున లేవగానే కరచాలనం చేస్తే చాలన్నాడు. చదువుకున్న తల్లులు అది చదివి, ఏడ్చే బిడ్డని ఎత్తుకోవాలనిపించినా చేతులు కట్టుకుని కూర్చున్నారు. అదే తరంలో వేరే దారి పట్టినవాళ్లూ ఉన్నారు. ఇటలీలో మరియా మాంటిసోరి 1907లోనే పిల్లల ఇల్లు తెరిచింది. గుజరాత్‌లోని భావనగర్‌లో గిజుభాయి వకీలు పని మానుకుని 1920లో బాలమందిరం పెట్టారు. మాంటిసోరి 1939లో మద్రాసుకే వచ్చి ఉపాధ్యాయులకి పాఠాలు చెప్పింది. వాళ్లకి బళ్లున్నాయి, శిష్యులున్నారు. చలానికి ఉన్నది కలం ఒక్కటే. పైగా చెడ్డ పేరు మోస్తున్న కలం.

వాట్సన్ చెప్పిన మాటలు తర్వాత నిలబడలేదు. యుద్ధంలో తల్లిదండ్రులకి దూరమైన పిల్లల గురించి జాన్ బౌల్బీ అనే ఇంగ్లీషు డాక్టరు 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థకి ఒక నివేదిక రాసి ఇచ్చాడు. పాలు ఎంత అవసరమో, నమ్మదగిన ఒక మనిషి ఆదరణ బిడ్డకి అంత అవసరమని అందులో తేల్చాడు. ఏడ్చే బిడ్డని ఎత్తుకుంటే చెడిపోతాడన్న మాట ఇప్పుడు పిల్లల డాక్టర్లు ఎవరూ అనరు. మొదటి నెలల్లో బిడ్డ చేతిలో ఉన్న ఆయుధం ఏడుపొక్కటే. ఏడిస్తే ఎవరో వస్తారన్న నమ్మకం కుదిరిన బిడ్డే పాకడం రాగానే ధైర్యంగా దూరం వెళుతుంది. మధ్యలో ఒకసారి వెనక్కి తిరిగి అమ్మ ఉందా లేదా అని చూసుకుంటుంది. మళ్లీ వెళుతుంది. మీరు గమనించే ఉంటారు.

మాటల సంగతికొద్దాం. చలం అంటే వాడుక భాష. గ్రాంథికంలో రాస్తేనే రాత అనుకునే రోజుల్లో ఇంట్లో ఆడవాళ్లు మాట్లాడుకునే తెలుగులో రాసిన మనిషి. గిడుగు రామమూర్తి పంతులు గారు దానికోసం పెద్ద పోరాటమే చేశారు. ఆ భాష ఎంత అందంగా ఉంటుందో చేసి చూపించినవాళ్లలో చలం ముందుంటారు. ఇందులో తల్లులకి పనికొచ్చే విషయం ఒకటుంది. బిడ్డకి మొదటి బడి అమ్మ నోరే.

కడుపులో ఉన్నప్పుడే బిడ్డ అమ్మ గొంతు వింటుంది. పుట్టి మూడు రోజులైనా నిండని పిల్లలు పరాయి ఆడమనిషి గొంతు కంటే తల్లి గొంతు వినడానికే ఇష్టపడతారని 1980లో అమెరికాలో ఒక ప్రయోగంలో తేలింది. పాలపీక చప్పరించే తీరు మారిస్తే అమ్మ గొంతు వినిపించేలా ఏర్పాటు చేశారు. ఆ పసిగుడ్లు తీరు మార్చుకున్నారు! ఆరు నెలల దాకా బిడ్డ చెవికి లోకంలోని భాషలన్నీ ఒకటే, ఏ భాష శబ్దాన్నయినా వేరు చేసి పట్టుకోగలదు. ఏడాది నిండే సరికి ఇంట్లో వినిపించే భాష వైపు చెవి స్థిరపడుతుంది. రెండు మూడు నెలలకి ఊ కొట్టడం, ఆరేడు నెలలకి బబ్బబ్బ, దద్దద్ద అనడం, ఏడాది అటూ ఇటూగా మొదటి మాట, రెండేళ్లకి అమ్మా పాలు, తాతా పోయె లాంటి రెండు మాటల కూర్పు. ఇది మామూలు వరస. ఒకరు ముందు, ఒకరు వెనక అవుతారు. కానీ పిలిస్తే తిరగని బిడ్డని, తొమ్మిది పది నెలలొచ్చినా బబ్బబ్బ అనని బిడ్డని, ఏడాదిన్నరకి ఒక్క మాటా రాని బిడ్డని, రెండేళ్లకి రెండు మాటలు కలపని బిడ్డని వాళ్ల నాన్నకీ లేటుగానే వచ్చాయిలే అని వదిలేయకండి. ముందు చెవి పరీక్ష చేయించండి. 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలకి వచ్చే వైద్య బృందాలు చూసేది ఇలాంటివే.

మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. గోదావరిఖని, యైటింక్లయిన్ కాలనీ, ఎన్టీపీసీ జ్యోతినగర్, ఈ ఊళ్లన్నీ పని వెతుక్కుంటూ వచ్చిన జనంతో నిండినవే. ఒక గోడకి అటు కరీంనగర్ పల్లె తెలుగు, ఇటు కోస్తా తెలుగు, వెనక ఇంట్లో హిందీ. నాయనమ్మ ఏందిర బిడ్డా అంటుంది, టీవీలో ఇంకో తెలుగు వస్తుంది. పిల్లాడు తికమక పడతాడేమోనని, బడిలో వెక్కిరిస్తారేమోనని తల్లి తనకి రాని ఇంగ్లీషులో కమ్, సిట్, ఈట్ అని మూడు ముక్కలు పట్టుకుంటుంది. మూడు ముక్కలతో బిడ్డకి మూడు ముక్కలే వస్తాయి. అదే తల్లి తన యాసలో పొద్దంతా వెయ్యి మాటలు మాట్లాడగలదు. బియ్యం చెరుగుతూ, నీళ్లు పోస్తూ, పక్కింటి కోడిపుంజుని చూపిస్తూ. రెండు మూడు భాషల మధ్య పెరిగే పిల్లలు మొదట్లో మాటలు కలిపేసినా తర్వాత తామే విడదీసుకుంటారు. నాయనమ్మ యాసని తప్పని దిద్దితే పోయేది యాస ఒక్కటే కాదు, నాయనమ్మతో మాట్లాడే హుషారు కూడా పోతుంది. ఇంట్లో మాట్లాడే మాటకి సిగ్గుపడని చలాన్ని ఇక్కడ గుర్తు చేసుకోవచ్చు.

సెల్‌ఫోన్ మాటేమిటంటారా? చలం కాలంలో లేదు కాబట్టి ఆయన్ని అడగలేం. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం 2019లో స్పష్టంగా చెప్పింది. రెండేళ్లు నిండని పిల్లలకి తెర వద్దు, రెండు నుంచి నాలుగేళ్ల దాకా రోజుకి గంటకు మించొద్దు. ఎందుకంటే ఫోను మాట్లాడుతుంది గానీ జవాబు వినదు. బిడ్డ ఊ అంటే అమ్మ ఊఁ అవునా అంటుంది, బిడ్డ మళ్లీ ఏదో అంటుంది. బంతి అటూ ఇటూ విసురుకున్నట్టు సాగే ఈ ఆటలోనే మాటలూ వస్తాయి, మనసూ కుదురుతుంది. ఫోనుతో ఆడితే బంతి తిరిగి రాదు.

చలాన్ని ఆదర్శ తండ్రి అని చెప్పి ఈ కథ ముగిస్తే మీకూ నాకూ సులువే. కానీ అది నిజం కాదు. ఆయన జీవితం తిన్నగా నడవలేదు. సంఘం దూరం పెట్టింది, చుట్టాలు దూరం పెట్టారు. ఆయన నమ్మిన స్వేచ్ఛకి ఖరీదు ఆయన ఒక్కరే కట్టలేదు, ఇల్లంతా కట్టింది. సైకిలెక్కి బడికి వెళ్లిన రంగనాయకమ్మ గారు తర్వాత సుఖపడ్డారా అంటే అవునని చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. ఆడదాని బాధ గురించి అంతగా రాసిన మనిషి ఇంట్లో ఆడమనిషి బాధ ఒకటుంది. అది మరిచిపోయి ఆయన్ని చదవడం నాకు చేతకాదు. పిల్లల్ని వాళ్ల మానాన వదలాలన్న మాటని కూడా ఆయన కొన్ని చోట్ల మరీ దూరం లాగారనిపిస్తుంది. వేళకి అన్నం, వేళకి నిద్ర, పొయ్యి దగ్గరికి పోవద్దన్న గట్టి మాట, ఇవి కూడా బిడ్డకి కావాలి. వద్దు అని చెప్పడం వేరు, దానికి దెబ్బ జోడించడం వేరు.

ఒక్క విషయంలో మాత్రం ఆయన మాట ఇప్పటికీ నూటికి నూరుపాళ్లూ నిజం. భయపడ్డ పిల్ల నిజం చెప్పదు. గ్లాసు పగిలితే దెబ్బ పడుతుందని తెలిసిన పిల్ల ముక్కలు మంచం కిందకి తోస్తుంది. కొట్టి మనం నేర్పింది గ్లాసు జాగ్రత్తగా పట్టుకోవడం కాదు, దొరక్కుండా దాచడం. మరి ఏం చేయాలి? ముందు కాళ్లకి గుచ్చుకోకుండా పిల్లని పక్కకి ఎత్తుకోవాలి. భయమేసిందా అని అడగాలి. భయం, కోపం, అలక, వీటికి పేర్లున్నాయని బిడ్డకి తెలిసేది మనం ఆ పేర్లు పలికినప్పుడే. ఓపెన్‌కాస్ట్‌లో బ్లాస్టింగ్ జరిగి కిటికీలు అదిరినప్పుడు ఉలిక్కిపడ్డ పిల్లాణ్ణి పిరికోడా అని నవ్వడం సులువు. దగ్గరికి తీసుకుని, పెద్ద చప్పుడైంది, భయమేసింది కదూ, అది బొగ్గు కోసం బండ పగలగొట్టడం, నాన్న వాళ్లు చేసే పనే అని చెప్పడానికి అర నిమిషం ఎక్కువ పడుతుంది. రెండోసారి చప్పుడైనప్పుడు వాడే వచ్చి మనకి చెబుతాడు.

చలానికి ఆప్తమిత్రుడు చింతా దీక్షితులు గారు. ఆయనా విద్యాశాఖలో పనిచేసినవారే, పిల్లల కోసం కథలూ గేయాలూ రాసినవారే. 1936లో చలాన్ని అరుణాచలం తీసుకెళ్లి రమణ మహర్షిని చూపించింది ఆయనే. అప్పుడు చలం పెద్దగా కదిలిపోలేదు. 1940లో శ్రీశ్రీ మహాప్రస్థానానికి యోగ్యతాపత్రం రాసిన చలం వేరు, పదేళ్ల తర్వాత బెజవాడ ఇల్లు వదిలి కుటుంబంతో తిరువణ్ణామలై చేరిన చలం వేరు. ఆ దారి చూపించింది ఎవరో కాదు, కూతురు సౌరిస్. తండ్రి వెంట పిల్లలు నడవడం లోకరీతి. ఇక్కడ తండ్రే కూతురి వెంట వెళ్లారు. బిడ్డ మన సొత్తు కాదని రాసిన మాటకి ఆయన జీవితంలో ఇంతకంటే పెద్ద రుజువు నాకు కనపడలేదు. దేవుడి పేరు చెప్పి భయపెట్టొద్దన్న మనిషి చివరి 29 ఏళ్లూ ఆ కొండ నీడలోనే గడిపారు. 1979 మే 4న అక్కడే కన్నుమూశారు.

బడిలో పిల్లల్ని కొట్టకూడదని విద్యాహక్కు చట్టం రావడానికి ఇంకో ముప్ఫై ఏళ్లు పట్టింది. అది 2009లో వచ్చి 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. పిల్లల్ని శారీరకంగా గానీ మానసికంగా గానీ బాధించకూడదని అందులో 17వ సెక్షన్ చెబుతుంది. అది బడి గేటు లోపలి మాట. ఇంటి గుమ్మం లోపలికి ఆ సెక్షన్ రాదు.

తొమ్మిది గంటల ఇంటికి మళ్లీ వద్దాం. మా వైపు ఒకామె గరిటె లాక్కోవడం మానేసి, పిల్లాణ్ణి వెనక వాకిట్లోకి తీసుకెళ్లి గుసగుసల ఆట మొదలుపెట్టింది. నాన్న నిద్రపోతున్నాడు కాబట్టి ఇప్పుడు మనం చీమల్లా మాట్లాడుకోవాలి అని చెవిలో చెబుతుంది. వాడు ఆమె చెవిలో ఏదో ఊదుతాడు. ఆమె చిక్కుడుకాయలు గిల్లుతూ మళ్లీ వాడి చెవిలో చెబుతుంది. రోజూ సాగదు, ఒక్కోరోజు పది నిమిషాలకే ఆట చెడి ఏడుపు లేస్తుంది. మొన్న ఒకరోజు వాడు పక్కింటి కుక్క దగ్గరికెళ్లి, నోటి మీద వేలుంచుకుని, దాని చెవిలో కూడా ఏదో చెప్పొచ్చాడట.